జేసీబీ గుంతలో నత్త గుల్లల పొర: అది పాత కరువుకు గుర్తేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వరంగల్ దగ్గర మీ ఊరి చెరువులో పూడిక తీస్తున్నారు. జేసీబీ తవ్విన గుంత గోడలో పైన మూడు నాలుగు అడుగుల నల్ల ఒండ్రు, దాని కింద జానెడు మందాన నత్త గుల్లల పొర, ఇంకా కింద ఎర్ర మొరం కనిపించాయి. చెరువు ఎండితేనే కదా నత్తలు కుప్పగా చచ్చేది, కాబట్టి ఆ పొర ఏదో పెద్ద కరువుకు గుర్తా అని అడిగారు. నాలుగు వేల ఏళ్ళ కిందట రుతుపవనాలు బలహీనపడ్డాయని శాస్త్రవేత్తలు ఇలా మట్టి చూసే చెబుతారా అని కూడా అడిగారు.

సరస్సుల అడుగు మట్టితో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. మొదటిదానికి నా జవాబు: కావచ్చు గానీ, కాకపోవడానికే ఎక్కువ అవకాశం. ఎందుకో తెలియాలంటే ముందు రెండో ప్రశ్న చూడాలి.

మట్టికి వాన సంగతి తెలియదు. దానికి తెలిసింది చెరువు సంగతే. నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, ఎంత ఉప్పెక్కాయి, ఒడ్డున ఏం మొలిచింది, వాగు ఇసుక తెచ్చిందా సన్న బురద తెచ్చిందా, ఇంతవరకే అది చెప్పగలదు. అక్కడి నుంచి వాన దాకా వెళ్ళడం మన ఊహ. ఆ ఊహను వీలైనంత చిన్నది చేయడమే మా పని. అందుకు మొదటి మెట్టు సరైన సరస్సును ఎంచుకోవడం. నా లెక్కన సగం పని అక్కడే అయిపోతుంది, సగం తప్పులు కూడా అక్కడే జరుగుతాయి.

మంచి సరస్సు అంటే ఎలా ఉండాలో చెప్పడానికి లోణార్ చాలు. మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో, దక్కన్ నల్లరాతిలో ఉల్క పడి ఏర్పడిన గుండ్రటి గొయ్యి అది. అడ్డంగా సుమారు 1.8 కిలోమీటర్లు. నీళ్ళు వాన వల్ల, చిన్న వాగుల వల్ల, ఊటల వల్ల లోపలికి వస్తాయి. బయటికి పోయే వాగు లేదు, ఎండకు ఆవిరి కావాల్సిందే. కాబట్టి వానలు తగ్గితే నీటిమట్టం పడిపోతుంది, ఉప్పు, సోడా చిక్కబడతాయి. 2020 జూన్‌లో ఆ నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయని వార్తల్లో చూసే ఉంటారు. ఉప్పు పెరిగి, ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులు విపరీతంగా పెరగడమే దానికి కారణం.

భారత, జర్మన్ పరిశోధకులు అక్కడ అడుగు నుంచి సుమారు పది మీటర్ల కోర్ (గొట్టంతో నిలువునా తీసిన మట్టి కడ్డీ) తీశారు. అందులో దాదాపు 11 వేల ఏళ్ళ మట్టి ఉంది. కొన్ని పొరల్లో గేలుసైట్ అనే ఖనిజపు స్ఫటికాలు దొరికాయి. సోడియం, కాల్షియం కలిసిన ఈ కార్బొనేట్ సరస్సు బాగా చిక్కబడితే తప్ప పేరుకోదు. అవి కనిపించింది ముఖ్యంగా రెండు కాలాల్లో: ఇప్పటికి 4600 నుంచి 3900 ఏళ్ళ కిందట ఒకసారి, 2000 నుంచి 600 ఏళ్ళ కిందట ఇంకోసారి. మధ్య భారతంలో ఎక్కువకాలం సాగిన ఎండు దశలు అవేనని 2014లో ప్రచురించారు. రెండో దశలో శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా అందరూ వచ్చేస్తారు. "వానలు తగ్గాయి, అందుకే చెరువులు తవ్వించారు" అని ఒక్క ముక్కలో తేల్చేయాలని నాకూ మనసు లాగుతుంది. కానీ చెరువు వెనక రాజు పుణ్యం ఉంది, పన్ను లెక్క ఉంది, వరి మీద ఆశ ఉంది. మట్టి ఒక్కటే చూసి ఆ మాట అనలేం.

ఇప్పుడు మీ చెరువు చూడండి. దానికి అలుగు ఉంది. కాస్త మంచి వాన పడితే నిండుతుంది, మరీ మంచి వాన పడినా అంతే నిండుతుంది, మిగతా నీళ్ళు అలుగు దూకి కింది చెరువుకు పోతాయి. గొలుసుకట్టు చెరువులు కట్టిందే అందుకు. అంటే బాగా వానపడిన ఏడాదికీ, వరదలొచ్చిన ఏడాదికీ తేడా మట్టిలో సరిగా పడదు. తూము తీసి పొలాలకు వదిలితే వాన ఎంత పడినా మట్టం తగ్గుతుంది. మీ ఊళ్ళో రైతులు ఎన్ని ఎకరాల్లో నాట్లు వేశారన్నది కూడా ఆ మట్టిలో కలిసిపోయి ఉంటుందన్నమాట.

కోర్ తీయడం ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని బోరు వేసినట్టు ఊహించుకుంటారు. రెండు పడవల మీద పలకలు కట్టి, మధ్యలో ఖాళీ వదిలి, ఆ సందులోంచి గొట్టాన్ని దించుతాం. గొట్టం లోపల పిస్టన్ ఉంటుంది, దాన్ని పైన తాడుతో కట్టేసి ఉంచుతాం. అప్పుడు గొట్టం దిగుతుంది, మట్టి నలగకుండా లోపలికి ఎక్కుతుంది. ఒకసారికి ఒక మీటరు. మళ్ళీ అదే రంధ్రంలోకి దించి తర్వాతి మీటరు. పైకి తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంటుంది. ఆ వాసన వస్తే మాకు సంతోషం, అడుగున గాలి ఆడలేదు, పుప్పొడి చెడిపోకుండా ఉంటుందని అర్థం. గొట్టాన్ని నిలువునా రెండుగా చీల్చగానే మట్టి నల్లగా నిగనిగలాడుతుంది. ఫోటో తీసేలోపే గాలి తగిలి గోధుమ రంగుకు మారడం మొదలవుతుంది. అందుకే చీల్చిన క్షణమే రంగు రాసుకోవాలి. ఒకసారి మా బృందంలో, నా తప్పే, మూడు గొట్టాల మీద పై వైపు బాణం గుర్తు వేయడం మరిచిపోయాం. ఏది తల, ఏది తోక అని తేల్చుకోవడానికి నెలరోజులు పట్టింది. ఆ కోర్‌ను ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

ఆ మట్టిలో ఏం చూస్తాం? అన్నిటికన్నా పాత పద్ధతి పుప్పొడి. పుప్పొడి రేణువు పైపొర ఎంత గట్టిదంటే, మట్టిని ఆమ్లాలతో కరిగించేసినా అది మిగులుతుంది. మైక్రోస్కోపు కింద ఒక్కో స్లైడు మీద రెండు మూడు వందల రేణువులు లెక్కపెట్టాలి. గడ్డి రేణువు నున్నగా ఒకే రంధ్రంతో ఉంటుంది. తోటకూర జాతిది గోల్ఫ్ బంతిలా గుంటలు గుంటలుగా ఉంటుంది, ఉప్పునేలల్లో, ఎండు ప్రాంతాల్లో అది పెరుగుతుంది. జమ్ము, తుంగ పెరిగాయంటే నీళ్ళు లోతు తక్కువని. లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ ఈ పనికి మన దేశంలో పుట్టిల్లు లాంటిది. అక్కడ కూర్చుని కళ్ళు పోగొట్టుకున్న మిత్రులు నాకు చాలామందే ఉన్నారు.

నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం మాత్రం కార్బన్ ఐసోటోపులది, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలది. దీన్ని మన పంటలతోనే చెప్పొచ్చు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, ఎండకు తట్టుకునే గడ్డి ఒక రకం. వేడిలో, నీటి ఎద్దడిలో తట్టుకునే పద్ధతిలో అవి గాలిలోని కార్బన్‌ను పట్టుకుంటాయి. వరి, వేప, చింత, దాదాపు మన చెట్లన్నీ ఇంకో రకం. రెండు రకాల ఆకుల్లోనూ బరువైన కార్బన్ పాలు వేరు: మొదటి రకానికి మా కొలమానంలో మైనస్ 12 దగ్గర, రెండో రకానికి మైనస్ 27 దగ్గర వస్తుంది. ఆకు కుళ్ళిపోయినా ఆ అంకె మట్టిలో ఉండిపోతుంది. ముఖ్యంగా ఆకు మీద ఉండే మైనపు పూత వేల ఏళ్ళు చెక్కుచెదరదు.

గోదావరి ఆ మైనాన్ని ఒండ్రుతో పాటు మోసుకెళ్ళి బంగాళాఖాతంలో వేస్తుంది. గోదావరి ముఖం ఎదురుగా సముద్రం అడుగున తీసిన కోర్‌లో ఆ మైనాన్ని కొలిచి 2012లో ఒక పరిశోధన వచ్చింది. సుమారు 4000 ఏళ్ళ కిందటి నుంచి నది పరీవాహక ప్రాంతంలో ఎండకు తట్టుకునే మొక్కల వాటా పెరుగుతూ వచ్చింది, 1700 ఏళ్ళ కిందటి నుంచి అది అలాగే నిలిచిపోయింది. లోణార్ చెప్పినదానికీ దీనికీ పొంతన కుదిరింది చూడండి. ఒకటి గొయ్యి, ఇంకోటి సముద్రం. ఒకటి ఉప్పు స్ఫటికం, ఇంకోటి ఆకు మైనం. ఒకరినొకరు ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే నాకు నమ్మకం కుదురుతుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక. గడ్డి పెరిగిందంటే వాన తగ్గిందనేనా? జనం అడవి నరికి జొన్న వేసినా గడ్డి రకం అంకే వస్తుంది. గోదావరి ఒండ్రు మీదే 2017లో వచ్చిన ఇంకో పని ప్రకారం, గత నాలుగు వేల ఏళ్ళలో దక్కన్ నల్లరేగడి వైపు నుంచి కొట్టుకొచ్చే మట్టి వాటా బాగా పెరిగింది. చెట్లు పలచబడ్డాయి, నేల కోత పెరిగింది. అందులో వాతావరణం పాలెంత, నాగలి పాలెంత అనేది విడదీయడం అంత తేలిక కాదు. నీలగిరుల కుళ్ళు మట్టి సంగతీ ఇంతే. అక్కడి చిత్తడి లోయల్లో ఇరవై వేల ఏళ్ళ మట్టి ఉంది. దాని కార్బన్ లెక్క మీద సుకుమార్, రమేష్ తదితరులు 1993లో రాసిన వ్యాసం మన దేశంలో ఈ పద్ధతికి బాట వేసింది. మంచుయుగం చివర్లో అక్కడ ఎండకు తట్టుకునే గడ్డే ఎక్కువ. కానీ ఆ రోజుల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా పది లక్షలకు 190 పాళ్ళ దగ్గరే ఉండేది, అది తక్కువైతే ఈ రకం గడ్డికే లాభం. కాబట్టి ఆ గడ్డిని పూర్తిగా వాన ఖాతాలో రాయకూడదు.

ఇక వయసు. మట్టిలో ఏమున్నా, ఎప్పటిదో తేలకపోతే ఆ కథకు విలువ లేదు. దీనికి రాజస్థాన్ సరస్సుల కథను మించిన పాఠం లేదు. సాంభర్, డీడ్వానా, లూంకరణ్‌సర్ ఉప్పు సరస్సుల పుప్పొడి చూసి గురుదీప్ సింగ్ 1971లో ఒక మాట అన్నారు: వానలు బాగా పడిన కాలంలో హరప్పా నాగరికత వర్ధిల్లింది, వానలు తగ్గడంతో కూలింది. ఎంత చక్కటి కథ! పాఠ్యపుస్తకాల దాకా వెళ్ళింది. కానీ రేడియోకార్బన్ (బతికున్నప్పుడు ఒంట్లో చేరి, చచ్చాక తరుగుతూ పోయే కార్బన్‌తో వయసు కట్టే పద్ధతి) చెప్పే ఏళ్ళు, మన క్యాలెండర్ ఏళ్ళు ఒకటి కావు. గాలిలో ఆ కార్బన్ ఎప్పుడూ ఒకే మోతాదులో లేదు కాబట్టి దిద్దుబాటు చేయాలి. రేడియోకార్బన్‌లో 4800 ఏళ్ళు అంటే అసలు సుమారు 5500 ఏళ్ళు. ఏడు వందల ఏళ్ళ తేడా!

1999లో యెహుదా ఎంజెల్ బృందం లూంకరణ్‌సర్‌ను మళ్ళీ తవ్వి, దగ్గర దగ్గరగా వయసులు కట్టింది. తేలిందేమిటంటే, ఆ సరస్సు రేడియోకార్బన్ లెక్కలో 4800 ఏళ్ళ కిందటే పూర్తిగా ఎండిపోయింది. హరప్పా నగరాలు వెలిగింది క్రీస్తుపూర్వం 2600 నుంచి 1900 దాకా. అంటే సరస్సు ఎండిన దాదాపు వెయ్యేళ్ళ తర్వాత! కరువు నాగరికతను చంపలేదు సరికదా, ఎండు కాలంలోనే అది పుట్టి పెరిగింది.

కథ అక్కడితో ఆగలేదు. ఎండిపోయిన సరస్సుకు తర్వాతి కరువు తెలియదు కదా. అందుకని దీక్షిత్, హోడెల్, పెట్రీ హరియాణాలో కోట్లా దహర్ అనే, బయటికి నీళ్ళు పోని ఇంకో సరస్సును ఎంచుకున్నారు. అక్కడ వాళ్ళకు సాక్ష్యం మీకు దొరికినవే, నత్త గుల్లలు. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు తేలికైన ఆక్సిజన్ ముందు ఎగిరిపోతుంది, బరువైనది మిగులుతుంది, నత్త ఆ నీటితోనే గుల్ల కట్టుకుంటుంది. సుమారు 4100 ఏళ్ళ కిందటి గుల్లల్లో బరువైన ఆక్సిజన్ ఒక్కసారిగా పెరిగింది. ఈసారి మాత్రం కాలం హరప్పా నగరాలు పలచబడటానికి దగ్గరగా వచ్చింది.

ఇప్పుడు మూడూ పక్కన పెట్టి చూడండి. లూంకరణ్‌సర్ 5500, లోణార్ 4600, కోట్లా దహర్ 4100. మేఘాలయలోని మామ్లూ గుహ సున్నపు స్తంభం ఆధారంగా 4200 ఏళ్ళ కిందటి నుంచి ఇప్పటిదాకా ఉన్న కాలానికి 2018లో "మేఘాలయన్" అని పేరే పెట్టారు. "నాలుగు వేల ఏళ్ళ కిందట వానలు తగ్గాయి" అని పేపర్లో ఒక్క లైనులో వచ్చేదాని వెనక ఇంత చిక్కు ఉంది. నా అభిప్రాయం: వానలు తగ్గడం నిజం, అది అన్నిచోట్లా ఒకే రోజు స్విచ్ వేసినట్టు జరిగిందనడం నిజం కాదు. పెద్ద కారణం ఆకాశంలో ఉంది. పది పన్నెండు వేల ఏళ్ళ కిందట భూమి ఉత్తరార్ధపు వేసవిలో సూర్యుడికి దగ్గరగా ఉండేది, ఎండ ఎక్కువ, రుతుపవనం బలం ఎక్కువ. ఇప్పుడు జనవరి మొదట్లో దగ్గరగా ఉంటుంది. ఆ జారుడు నెమ్మదిది. ప్రతి సరస్సూ తన లోతును బట్టి, తన నేలను బట్టి ఒక్కో చోట కాలు జారింది.

మీరు కరువు అన్నారు కాబట్టి ఇంకో మాట. లోణార్‌లో పది మీటర్లకు 11 వేల ఏళ్ళు, అంటే ఏడాదికి మిల్లీమీటరు కూడా కాదు. మన పెద్దలు చెప్పుకునే 1876–78 ధాత కరువు ఆ మట్టిలో రెండు మిల్లీమీటర్లు. పురుగులు, చేపలు కెలికితే అదీ మిగలదు. మేం చూడగలిగేది దశాబ్దాల తరబడి నడిచిన మార్పునే, ఒకట్రెండు ఏళ్ళ కరువును కాదు. ఆ పనికి టేకు చెట్ల వలయాలు మేలు.

మన కొల్లేరు పనికిరాదా అని ఎవరో ఒకరు అడుగుతారు. పనికొస్తుంది, కానీ దాని మట్టి ముందు సముద్రం కథ చెబుతుంది. ఒకప్పుడు అది తీరపు ఉప్పుకయ్య. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండు పక్కలా ముందుకు పెరగడంతో లోపల చిక్కుకుంది. కింది పొరల్లో మడ చెట్ల పుప్పొడి ఉంది. మడ తగ్గి తుంగ పెరిగితే వాన పెరిగిందా, సముద్రం వెనక్కి పోయిందా, నది దారి మార్చిందా? మూడింటికీ అదే గుర్తు. పులికాట్ దగ్గరైతే ఈశాన్య రుతుపవనం కూడా వచ్చి కలుస్తుంది.

ఇక మీ నత్త గుల్లలు. కింద ఎర్ర మొరం తగిలిందంటే అది చెరువు కట్టకముందు నేల. కాబట్టి మీ పొర వయసు కట్ట వయసును మించదు. పాకాల, రామప్పల కాలపు చెరువే అయినా సుమారు 800 ఏళ్ళు, నాలుగు వేలు కాదు. పైగా పూడిక తీయడం 2015లో మిషన్ కాకతీయతో మొదలైంది కాదు, తాతల కాలం నుంచీ రైతులు బండ్ల మీద ఆ మట్టిని పొలాలకు తోలారు. అంటే మధ్య పేజీలు చింపేసిన పుస్తకం అది. మిగిలిన నాలుగడుగులు ఏ కాలానివో చూసి చెప్పలేం.

ఆ పొర కరువుదే కానక్కరలేదు. గాలివాటానికి అలలు గుల్లలను ఒక పక్కకు నెట్టి కుప్ప చేస్తాయి. తేడా చూడటం కష్టం కాదు. గుల్లలన్నీ ఒకే సైజులో, అంచులు విరిగి ఉంటే అలల పని. పిల్లా పెద్దా అన్ని సైజులూ కలిసి, సన్నటి మొనలు కూడా చెక్కుచెదరకుండా ఉంటే అక్కడే బతికి అక్కడే చచ్చినవి. ఆ పొర కింద మట్టిలో పగుళ్ళు, పగుళ్ళలోకి దిగిన పై మట్టి కనిపిస్తే చెరువు ఎండినట్టే. ఒక్క గుంతలో చూసి తేల్చకండి, చెరువు అవతలి పక్క గుంతలో కూడా అదే పొర అదే లోతున ఉందా చూడండి.

వయసు కట్టించాలనుకుంటే గుల్లలు పంపకండి. నేలలోని పాత సున్నం నీళ్ళలో కరిగి గుల్లలోకి చేరుతుంది, దాంతో ఉన్న వయసు కంటే ఎక్కువ చూపిస్తుంది. బతికున్న నత్తకే వందల ఏళ్ళ వయసు వచ్చిన సందర్భాలున్నాయి. ఆ పొరలో బొగ్గు ముక్కో, తామర గింజో వెతకండి. చేత్తో కాకుండా శుభ్రమైన చిమటాతో తీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టండి, కాగితంలోనూ గుడ్డలోనూ వద్దు, ఆ పోగులు కలిసినా వయసు మారుతుంది. పైనున్న అడుగు రెండడుగుల మట్టికైతే, తరిగిపోతూ ఉండే రేడియోధార్మిక సీసంతో వయసు కట్టే సీసం-210 పద్ధతి ఉంది, వందేళ్ళ దాకా లెక్క వస్తుంది. అణుపరీక్షల వల్ల 1963 ప్రాంతంలో పడిన సీజియం గుర్తు కూడా దొరికితే దాన్ని సరిచూసుకోవచ్చు. ఆ వందేళ్ళకు వాన కొలతలూ ఉన్నాయి, మీ మట్టి నిజం చెబుతోందో లేదో పరీక్షించే అవకాశం అక్కడే ఉంది.

జేసీబీ మళ్ళీ వచ్చేలోపు తాపీతో గుంత గోడను నిలువుగా శుభ్రంగా చెక్కి, పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా సగానికి కోసి గోడకు నొక్కి, వెనక నుంచి కోసి తీస్తే మట్టి పట్టీలా వస్తుంది. ప్లాస్టిక్ చుట్టి నీడలో ఉంచండి. పై వైపు బాణం వేయడం మరవకండి. గుంత కట్టకు ఎంత దూరంలో ఉందో, తూముకు ఏ పక్కో రాసి ఫోటో ఇక్కడ పెడితే గుల్లల సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పగలను.